చీజ్ కలపమన్నదెవరు?

సెంట్-ఎర్మినీ,
1984 జూన్ 4, సోమవారం

శ్రీ రోసేర్ తిబో గారికి,

నమస్కారం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప మిగతా నేనంతా క్షేమం.

నన్ను గుర్తుపట్టారో లేదో. మా ఊరి వంతెన దిగగానే కుడిచేతి పక్క పచ్చరంగు రేకుల బడ్డీకొట్టు ఉండేది. దాని కిటికీలో నిలబడి దుంపల వేపుడు పొట్లాలు కట్టిచ్చే పిల్ల తలకి చుక్కల గుడ్డ కట్టుకునేది. ఆ పిల్లని నేనే. అప్పుడు ఫ్లూరెట్ బెర్జెరాన్‌ని. ఇప్పుడు మార్కోట్ గారి భార్యని, ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ కొట్టు మా మేనత్త ఆర్మండీన్‌ది, ఇప్పుడు నాది. అత్తకి ఎనభై ఆరు, వృద్ధాశ్రమంలో ఉంటోంది. నిన్న ఏం తిన్నదో చెప్పలేదు గానీ, ముప్ఫై ఏళ్ళ కింద ఎవరి పొట్లంలో ఉప్పు తక్కువైందో చెబుతుంది.

మీ అడ్రసు మీ చెల్లెలు ఇచ్చింది. ముందు ఫోనే చేశాను. ఎవరో "ఎవరూ? ఎవరూ?" అని నా చెవి పగిలేట్టు అరిచి పెట్టేశారు. అందుకని రాస్తున్నాను.

పూటీన్ ఇప్పుడు ఎంత పెద్దదైపోయిందో మీకు తెలుసు. మాంట్రియల్‌లో పింగాణీ గిన్నెల్లో పెట్టి, ఒళ్ళో గుడ్డ పరుచుకుని తింటున్నారట. వేడి దుంపల వేపుడు, దాని మీద పొద్దున తీసిన చీజ్ ముక్కలు, ఆ పైన మాంసం గ్రేవీ. ఉన్నది అంతే. దానికోసం ఇప్పుడు ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుంటున్నాయి. ఏటి అవతల సెం-గోంత్రాన్‌లో హోటలు నడిపే దొనా పెపెన్, పూటీన్ కనిపెట్టింది తనేనని పేపరు వాళ్ళకి ఫోటో ఇచ్చాడు, గరిటె ఎత్తి పట్టుకుని మరీ. దాంతో మా కౌన్సిలు వాళ్ళకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఊరి మొగలో 'పూటీన్ పుట్టిన ఊరు' అని బోర్డు పెడతారట. అయితే మా మేయరు గారు న్యాయం మనిషి. సాక్ష్యం లేనిదే బోర్డు లేదన్నారు. ఆ సాక్ష్యం మీరే.

1957 జూన్ 14, శుక్రవారం. మీరు పందుల లారీ ఆపి దిగారు. కిటికీ దగ్గరికొచ్చి, టోపీ తీసి, ఆ మాట అడిగారు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు, మళ్ళీ రాయడం దేనికి. మీరు ఆ పూట ఆ మాట అడగబట్టే కదా ఇదంతా పుట్టింది. నా బతుకు తిరిగింది కూడా ఆ మాటతోనే. కాబట్టి అడిగింది అడిగినట్టు ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. ఆగస్టు 13 సోమవారం కౌన్సిలు సమావేశంలో అందరి ముందూ చదువుతారు. బాగుంటే బోర్డు మీద కూడా ఆ మాటే పెద్ద అక్షరాలతో రాయిస్తామన్నారు.

ఇట్లు,
ఫ్లూరెట్ మార్కోట్

తా.క. బోర్డు మీద మీ పేరూ వస్తుంది. మీ ఇంటిపేరు చివర పలకని అక్షరాలు ఎన్నున్నాయో తెలియజేయండి. పెయింటరు వాటికీ చోటు వదలాలట.


సెట్-ఈల్,
1984 జూన్ 13, బుధవారం

శ్రీమతి ఫ్లూరెట్ మార్కోట్ గారికి,

నమస్కారాలు. ఫోనులో అరిచింది నేనే. మన్నించండి. ఇరవై మూడేళ్ళు ఇనుప ఖనిజం రైళ్ళ పక్కన పనిచేసిన చెవులు ఇవి. అవతలి మనిషికీ వినపడదేమోనని భయం, అందుకే అరుస్తాను. గనుల పని ఆగిపోయాక పడవల ఇంజన్లు బాగుచేసుకుంటూ ఉన్నాను.

మీ ఉత్తరం గుమ్మంలో నిలబడే విప్పాను. రెండో పేజీకి వచ్చేసరికి తలుపు మూసుకోవలసి వచ్చింది.

ఆ మాట మీకు వినిపించిందని ఇన్నేళ్ళుగా నాకు తెలియదు. వినిపించలేదనే అనుకున్నాను. అలా అనుకుని కొంత బాధపడ్డాను, కొంత ఊపిరి పీల్చుకున్నాను కూడా. మీరు అన్నీ విని, మనసులో పెట్టుకుని, తారీకుతో సహా గుర్తుంచుకున్నారన్నమాట.

అడిగినమాట నిజమే. కాదనను. కానీ చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. ఆ వయసులో ఎవరైనా అడుగుతారు. అంతమాత్రానికి దాన్ని అందరి ముందూ చదివించడం, బోర్డు మీద రాయించడం న్యాయం కాదండీ. దారిన పోయే ప్రతి లారీవాడూ చదువుతాడు. మా చెల్లెలు చర్చికి వెళ్ళే దారి కూడా అదే. మీ వారు పోయినా ఆయన అన్నదమ్ములు ఆ ఊళ్ళోనే ఉన్నారు కదా, వాళ్ళకెలా ఉంటుంది. మా ఆవిడ జెమ్మా పోయి నాలుగేళ్ళు. ఈ సంగతి ఆవిడకి కూడా చెప్పలేదు నేను.

నా వల్ల మీ బతుకు తిరిగిందని రాశారు. ఎటు తిరిగిందో రాయలేదు. దాని గురించి రెండు రోజులుగా నిద్రలేదు.

ఇట్లు, మన్నింపు కోరుతూ,
రోసేర్ తిబో

తా.క. నా పేరు చివర పలకని అక్షరాలు మూడు. పలికేవాటితో సహా అన్నీ వదిలెయ్యమని పెయింటరుకి చెప్పండి.


సెంట్-ఎర్మినీ,
1984 జూన్ 25, సోమవారం

శ్రీ రోసేర్ తిబో గారికి,

నమస్కారం. నిన్న సెం-జాన్ పండగ మంటల దగ్గర ఊరంతా ఆడుతుంటే నేను ఒక మూల కూర్చుని మీ ఉత్తరమే చదువుకున్నాను. మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ముక్క అర్థం కాలేదు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందండీ? మనిషన్నాక కావలసింది అడుగుతాడు. మీరొక్కరే అడిగారా? మీరు మొదలుపెట్టారు, తర్వాత ఊరంతా అడిగింది. రంపపుమిల్లు వాళ్ళు గుంపుగా వచ్చి అడిగేవారు. మేయరు గారు ప్రతి శనివారం అడుగుతారు, భార్యని పక్కన పెట్టుకునే. మా ఫాదరు గారు కూడా అడుగుతారు. పాపం ఆయన లెంట్ నియమాల నలభై రోజులూ ఓర్చుకుని, ఈస్టరు మర్నాడు వచ్చి రెండు అడుగుతారు. వాళ్ళెవరికీ లేని సిగ్గు మీకెందుకు?

మీ ఆవిడకి ఎందుకు చెప్పలేదో మరి. నేనైతే మా అదెలార్‌కి పెళ్ళికి ముందే చెప్పాను. ఆయన ఎంత సంతోషించాడో. 'ఆ లారీ మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి, అతని పుణ్యమే కదా' అనేవాడు, చివరిదాకా.

ఇక వినిపించలేదనుకున్నానంటారు. వినిపించకపోతే మీరడిగింది ఎలా చేసి పెట్టానండీ? ఒక్కరోజు కాదు, వారం వారం చేసి పెట్టాను. తృప్తిగా తీసుకుని వెళ్ళారు. ఇప్పుడు సాక్ష్యం దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతున్నారు.

ఎందుకు నములుతున్నారో నాకు మొన్న తెలిసింది. పెపెన్ కొత్త కథ ఎత్తాడు. ఆ ఏడు వసంతంలోనే, మా కొట్టుకి రాకముందే, మీరు ఏరు దాటి ఆయన హోటల్లోకి వెళ్ళి ఆయన్నే ఆ మాట అడిగారట. ఆయన 'ఓ, దానిదేముంది' అన్నాడట. ఇది నిజమా, అబద్ధమా? నిజమైతే మొదట నన్నే అడిగినట్టు ఇన్నాళ్ళూ నేను ఊరంతా చెప్పుకున్నదాన్ని ఏ మొహం పెట్టుకుని తిరగాలి?

ఇట్లు,
ఫ్లూరెట్ మార్కోట్

తా.క. ఆ పెపెన్ పూటీన్‌లో కోడిమాంసం, బఠానీలు వేసి 'అసలు పాత పద్ధతి' అని పలక కట్టాడు. బఠానీలు. మనిషి ఎంతకి దిగజారతాడో చూడండి. పట్నంలోనైతే టమాటా కీమా పోసి ఇటాలియన్ది అంటున్నారు. ఇటలీ వాళ్ళకి తెలిస్తే యుద్ధానికి వస్తారు.


సెట్-ఈల్,
1984 జూలై 4, బుధవారం

శ్రీమతి ఫ్లూరెట్ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివాక ఊరి గురించి నేననుకున్నవన్నీ తలకిందులయ్యాయి. మేయరు గారి సంగతి నాకు అనవసరం. కానీ ఫాదరు గారు, అందులోనూ రెండుసార్లు, అని చదివాక నేను ఈస్టరు పూజకి వెళ్ళగలనో లేదో తెలియదు. ఇంత దూరం వచ్చేసి మంచిపనే చేశానేమో అనిపించింది.

మీ వారు సంతోషించారని రాశారు. నన్ను చల్లగా ఉండమన్నారని రాశారు. అదెలార్ గారు నాకంటే చాలా పెద్ద మనసున్నవారు. ఆయన స్థానంలో నేనుంటే ఆ లారీ మనిషిని వంతెన మీంచి తోసేవాణ్ణి.

ఇప్పుడు పెపెన్ సంగతి. ఇది మాత్రం నేను సహించను. ఆయన్ని నేనెందుకు అడుగుతానండీ? అప్పటికే ఆయనకి పెళ్ళయి ముగ్గురు పిల్లలు. పైగా ఆ మీసాలు. ఆ మాట నా జన్మలో ఒక్క మనిషినే అడిగాను. మా జెమ్మాని కూడా నేను అడగలేదు, ఆవిడే నన్ను అడిగింది. నా చేత అడిగించాలంటే ఇద్దరం ముసలివాళ్ళమైపోతామని ఆవిడకి వారంలోనే అర్థమైంది.

మీరు ఇంకొకటి రాశారు, నేనడిగింది చేసి పెట్టారని. గౌరవంతోనే చెబుతున్నాను, మీరు చెయ్యలేదు. చేసి ఉంటే ఇవాళ నేనిక్కడ ఉప్పుగాలిలో పడవ ఇంజన్లు విప్పుతూ ఉండేవాణ్ణి కాదు. దానికి మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. చెయ్యకపోవడం మీ ఇష్టం. కానీ చేశానని మాత్రం అనకండి. ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

ఇట్లు,
రోసేర్ తిబో

తా.క. పెపెన్ బఠానీల గురించి బాధపడకండి. మా ఊళ్ళో పూటీన్ మీద చిన్న రొయ్యలు చల్లుతారు. చీజ్ మీవైపు నుంచి లారీలో వచ్చేసరికి రెండు రోజులు పడుతుంది కాబట్టి పంటి కింద కిచకిచలాడదు. రొయ్యల వల్ల ఆ లోటు తెలియదంటారు. నేను రొయ్యలు మాత్రం ఏరుకుని తింటాను.


సెంట్-ఎర్మినీ,
1984 జూలై 13, శుక్రవారం

రోసేర్ తిబో గారికి,

రొయ్యలు.

అక్కడిదాకా చదివి ఉత్తరం మడిచి, గ్లాసుడు నీళ్ళు తాగి, కొట్టు వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. చీజ్ అనేది పొద్దున తీసి మధ్యాహ్నం తినాలండీ. తడిసిన గచ్చు మీద రబ్బరుబూట్లు నడిచినట్టు పంటి కింద కిచకిచమనాలి. సాయంత్రానికి అది మూగదైపోతుంది. మర్నాటికి అది చీజే కాదు, రబ్బరు. అలాంటి శవం మీద రొయ్యలు చల్లి, ఏ లోటూ లేదంటారా.

అది పోనివ్వండి. నేను చెయ్యలేదంటారా? పదకొండు నెలలు, ప్రతి శుక్రవారం, ఈ చేతుల్తో చేసి ఇచ్చాను. మీ లారీ వంతెన ఎక్కుతున్న చప్పుడు వింటూనే మొదలుపెట్టేదాన్ని. అలా చేసినదానికి ఇదా మాట? ఇక పెపెన్‌ని అడగకపోవడానికి ఆయన మీసాలు కారణమన్నారు. మీసాలకీ దీనికీ ఏం సంబంధమో మా పక్కింటావిడకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు. నాకు అర్థమైంది ఒక్కటే. పెపెన్ మీకేదో పంపి నోరు మూయించాడు. రొయ్యలే అయివుంటాయి.

మీచేత రాయించడం నా వల్ల కాదని తెలిసింది కాబట్టి నేనే రాశాను. ఇదీ కాగితం. కింద సంతకం పెట్టడమే మీ పని.

'నేను, రోసేర్ తిబో, 1957 జూన్ 14 శుక్రవారం మధ్యాహ్నం, మాంసం తినరాని రోజు కావడంచేత గ్రేవీ లేకుండా ఉత్త దుంపల వేపుడు తీసుకుంటూ, కుమారి ఫ్లూరెట్ బెర్జెరాన్ చేతిలోని చీజ్ సంచి చూసి, "దాన్ని కూడా ఇందులో కలపండి" అని నా నోటితో నేనే అడిగాను. అంతకుముందు ఏ ఊళ్ళోనూ ఏ మీసాలవాణ్ణీ అడిగి ఉండలేదు.'

చీజ్ మీదికి గ్రేవీ తర్వాత వచ్చింది. అది పెపెన్ పోశానంటే పోసుకోనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. చీజ్ మాత్రం వదలను.

ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకండి. రాయాల్సింది ఏదైనా ఉంటే కౌన్సిలు ఆఫీసుకే రాయండి.

ఇట్లు,
ఫ్లూరెట్ మార్కోట్

తా.క. మీసాల మాట మీరే ఎత్తారు కాబట్టి పెట్టాను. తీసెయ్యాలంటే తీసెయ్యండి. చీజ్ మాట తీసెయ్యకండి.


సెట్-ఈల్,
1984 జూలై 30, సోమవారం

శ్రీమతి ఫ్లూరెట్ గారికి,
కౌన్సిలు ఆఫీసు, సెంట్-ఎర్మినీ

నమస్కారాలు. మీకు రాయొద్దన్నారు. ఆఫీసుకే రాయమన్నారు. అందుకని మీకే, ఆఫీసు ద్వారా రాస్తున్నాను.

మీ కాగితం బల్ల మీద పరిచి, సంతకానికి పెన్ను తీశాను. 'కలపండి' అన్నచోట పెన్ను ఆగిపోయింది.  రెండు నెలలుగా మనమిద్దరం రెండు వేరువేరు మాటల గురించి రాసుకుంటున్నామని అప్పుడు తెలిసింది. ఫాదరు గారిని కూడా మనసులోనే క్షమాపణ అడిగాను.

ఫ్లూరెట్ గారూ, ఆ రోజు నేను చీజ్ అడగలేదు. నాకు చీజ్ పడదు. చిన్నప్పట్నుంచీ పడదు. పాలవాళ్ళ జిల్లాలో పుట్టి ఆ మాట పైకి చెప్పుకోలేక పెరిగాను.

మార్చి నెల నుంచీ ప్రతి శుక్రవారం మీ కిటికీ దగ్గర ఆగేవాణ్ణి. నాకు ఆకలుండేది కాదు. అడగాలనుకున్న మాటని లారీ అద్దంలో చూసుకుంటూ చెప్పుకునేవాణ్ణి, వెనక పందులు వింటూ ఉండేవి. వాటికి కూడా కంఠతా వచ్చి ఉంటుంది. జూన్ 14న ధైర్యం చేశాను. అప్పుడే ఎవరో కొత్త వాయి దుంపలు నూనెలో వేశారు, చర్రుమని ఒకటే చప్పుడు. మీ ఒక చేతిలో నా పొట్లం ఉంది, ఇంకో చేతిలో చీజ్ సంచి. నేను టోపీ తీసి, "సాయంత్రం కలుద్దామా?" అన్నాను.

మీరు వెనక్కి తిరిగి ఏదో అన్నారు. మళ్ళీ ఇటు తిరిగి, నవ్వి, గుప్పెడు చీజ్ తీసి నా పొట్లంలో వేసి, కలిపి ఇచ్చారు.

అది అవునో కాదో నాకు తెలియలేదు. లారీలో కూర్చుని దాని గురించే ఆలోచిస్తూ మొత్తం తినేశాను. మంగళవారం దాకా లేవలేదు.

తర్వాతి శుక్రవారం మళ్ళీ అడుగుదామనే వచ్చాను. నోరు తెరిచేలోపే మీరు "మీకు మామూలుదేగా" అన్నారు. అంత ఆప్యాయంగా అన్నాక నేనేమంటాను? తిన్నాను. ఆ పై వారం కూడా తిన్నాను. నన్ను చూసి రంపపుమిల్లు వాళ్ళు 'ఆ లారీ అతనిది ఏదో, అదే మాకూ' అనడం మొదలుపెట్టారు. చలికాలానికి మీకు రోజూ బుట్టెడు చీజ్ కావలసి వచ్చింది. చీజ్ ఫ్యాక్టరీ నుంచి అదెలార్ గారు తెచ్చేవారు. మొదట వారానికోసారి, తర్వాత రోజూ, ఆ తర్వాత రోజుకి రెండుసార్లు. నేను తినేకొద్దీ ఆయన ఎక్కువ వస్తున్నారని నాకు తట్టేసరికి చర్చిలో మీ పెళ్ళి ప్రకటన చదివేశారు. నా నోటితో నేనే దగ్గరుండి మీ పెళ్ళి చేశాను. మే నెలలో లారీ అమ్మేసి ఈ ఊరికి వచ్చేశాను.

కాబట్టి ఈ సంతకం పెట్టలేను. అది అబద్ధం అవుతుంది. మీ బోర్డు పోతుందని తెలుసు, దానికి నిజంగా బాధగా ఉంది. పెపెన్ నాకేమీ పంపలేదు. ఇక్కడ రొయ్యలు ఎవరూ పంపక్కర్లేదు.

ఇట్లు,
రోసేర్ తిబో

తా.క. సెక్రటరీ గారికి మనవి. ఇది పూర్తిగా సొంత విషయం. దయచేసి ఈ ఉత్తరం మీరు చదవకుండా ఆవిడకి అందజెయ్యండి.


సెంట్-ఎర్మినీ,
1984 ఆగస్టు 16, గురువారం

రోసేర్ గారికి,

మీ ఉత్తరం నాకందింది. నాకంటే ముందు అరవై ముగ్గురికి అందింది.

బోర్డు సంగతిలో ఏ కాగితం వచ్చినా సభలోనే విప్పి చదవాలని మేయరు గారి ఆజ్ఞ. మా సెక్రటరీ చర్చిలో పాటలు పాడే మనిషి, మెల్లగా, అక్షరం మింగకుండా చదువుతుంది. మొదటి వరసలో అత్తని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను, నా గెలుపు చూస్తుందని. నేను పక్కన కూర్చున్నాను, కొత్త గౌను వేసుకుని. పెపెన్ ముగ్గురు సాక్షుల్ని వెంటేసుకుని వచ్చాడు. 'నాకు చీజ్ పడదు' దగ్గర హాలంతా గొల్లుమంది. పందుల దగ్గర మేయరు గారు కళ్ళు తుడుచుకున్నారు. 'సాయంత్రం కలుద్దామా' దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆవిడ చివరిదాకా చదివింది. తా.క. కూడా పైకే చదివి, అప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను ఎటు చూడాలో తెలియక నా చేతి సంచిలోకి చూస్తూ కూర్చున్నాను.

పెపెన్ లేచి, తన సాక్షుల్లో ఎవడికీ ఇంత కథ రాదని, చీజ్ మీద తన దావా వదులుకుంటున్నానని, గ్రేవీ మాత్రం తనదేనని చెప్పి కూర్చున్నాడు. మేయరు గారు ఒప్పుకోలేదు. ఇతను చీజ్ అడగలేదంటున్నాడు, మరి కలపమన్నదెవరు, అన్నారు. నన్ను లేపి, ఆ రోజు నీకేం వినిపించింది, ఉన్నదున్నట్టు చెప్పమన్నారు.

ఏళ్ళ తరబడి ఊరంతా చెప్పుకున్న మాటని అప్పుడు మొదటిసారి నేను నిజంగా గుర్తుచేసుకున్నాను. నాకేమీ వినిపించలేదండీ. నూనె చప్పుడు. మీ పెదాలు కదలడం చూశాను, అంతే. వెనక్కి తిరిగి, "ఏమంటున్నాడు?" అని అత్తని అడిగాను. ఆ మాటే సభలో చెప్పాను. అరవై మూడు తలకాయలు అత్త వైపు తిరిగాయి.

అత్త నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఉంది. తాపీగా దాన్ని ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చింది.

"కలుద్దామా అన్నాడు," అంది. "నాకు బాగానే వినిపించింది. చీజ్ కలపమంటున్నాడని నేనే చెప్పాను."

ఎందుకలా చెప్పావని మేయరు గారు అడిగారు.

"శుక్రవారం. సాసేజీలు ఒక్కటి కదల్లేదు. చీజ్ సంచి అలాగే ఉంది, సాయంత్రానికి మూగబోతుంది. వేసవి మొత్తం ముందుంది. ఈ పిల్ల కాస్తా పందుల లారీ ఎక్కి పోతే, దుంపలు నువ్వొచ్చి తరుగుతావా?"

మేయరు గారు తరగనన్నారు. అత్త ఇంకో బిళ్ళ నోట్లో వేసుకుంది.

బోర్డు ఖాయమైంది. అబద్ధం చెప్పినవాళ్ళ పేరు బోర్డెక్కడానికి ఫాదరు గారు ఒప్పుకోలేదు. అసలు సంగతి దాచి బోర్డు పెట్టేది లేదన్నారు మేయరు గారు. గంటన్నర వాదించుకుని చివరికి ఇలా తేల్చారు: 'పూటీన్ పుట్టిన ఊరు, 1957. ఎవరూ అడగలేదు.' పెయింటరు నిన్ననే మొదలుపెట్టాడు.

అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, మంచిగానే. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండు రోజులు ఆశ్రమం వైపు వెళ్ళలేదు. ఇవాళ పొద్దున వెళ్ళాను. అత్త నన్ను చూస్తూనే, "అదెలార్ మంచివాడే కదే, నీకొచ్చిన నష్టమేమిటి?" అంది.

అదెలార్ మంచివాడే. ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్క పూట కూడా నేను వెనక్కి ఇవ్వను. అది అత్తకి చెప్పాను, మీకూ చెబుతున్నాను. కానీ అడిగింది నన్ను. జవాబు చెప్పాల్సింది నేను. ఆ రోజు వినిపించి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. వద్దనే అనేదాన్నేమో, మీ చొక్కా పందుల వాసన వేసేది. అన్నా సరే, ఆ వద్దు కూడా నాదే కావాలి కదా.  అత్త నా చెయ్యి తీసుకుని పిప్పరమెంటు పెట్టింది. మా ఇంట్లో క్షమాపణ అంటే అదే.

నేనూ మీకు క్షమాపణ చెప్పుకోవాలి. పెపెన్ దగ్గర లంచం తిన్నారన్నాను. అంతకంటే ముందు, పదకొండు నెలలపాటు వారం వారం నవ్వుతూ మీ కడుపు పాడుచేశాను. ఒక్కసారైనా వద్దనకపోయారా అని ఇప్పుడు కోపం కూడా వస్తోంది.

ఇక మీరడిగినదానికి జవాబు. ఈసారి స్పష్టంగా వినిపించింది, పాటలు పాడే మనిషి చదివింది కదా. కలుద్దాం. సాయంత్రమే కానక్కర్లేదు. సెప్టెంబరు 5 బుధవారం కొట్టు వారం రోజులు మూసి, క్యూబెక్‌లో బస్సెక్కుతున్నాను. మర్నాడు పొద్దున్నకి మీ ఊళ్ళో దిగుతానట. ఈ ఏటి అవతల తప్ప ఇంకెక్కడికీ ఒంటరిగా వెళ్ళినదాన్ని కాదు. బస్టాండుకి రండి. అరవకండి, నా చెవులు బాగానే ఉన్నాయి.

ఇట్లు,
ఫ్లూరెట్

తా.క. అత్త కూడా వస్తానంటోంది. పక్కన తను లేకపోతే ఎవరేమడిగారో నాకెలా తెలుస్తుందని వాదన. టిక్కెట్టు ఒక్కటే కొన్నాను.